జల

ముప్పై ఐదు నిండటానికి
పందొమ్మిది రోజులుండగా దరఖాస్తు పెట్టినాను.
పుట్టిన తేదీ చూసి గుమాస్తా
"కూతురికామ్మా?" అన్నాడు.
నాకే అన్నాను.
అద్దాలు తుడుచుకొని మళ్ళా చూసినాడు,
కాగితాన్ని కాదు, నన్ను.

క్లాసులో అందరూ నిన్నమొన్న ఇంటరు ముగించిన పిల్లోళ్ళు.
ఎముకల పేర్లు వాళ్ళు పాటలాగా పాడుకుంటే
నేను చెనక్కాయలు ఒలిచినట్టు
ఒక్కొక్కటే ఒలుచుకున్నాను,
తెల్లారుజామున, వీధి కొళాయి దగ్గర, బిందెల వరసలో.
నా వంతు వచ్చేసరికి
వెన్నుపూసలు లెక్క తప్పేవి.

మా వాడు పదో తరగతి, నేను మొదటి సంవత్సరం.
ఇద్దరి మార్కులూ ఒకే వారంలో వచ్చినాయి.
వాడు తనవి దాచిపెట్టి
నావి ముందు వాళ్ళ నాయనకు చూపించినాడు.
ఆయప్ప ఆటో కడుగుతా ఉన్నాడు.
తడిచేతులని ముట్టుకోలేదు. "ఆడ పెట్టు" అన్నాడు.
రాత్రి చూస్తే
ఆటో ఇన్సూరెన్సు కాగితాలున్న సంచిలో
మడత పడకుండా ఉంది.

ఇప్పుడు నా ఎదమీద ఒక ప్లాస్టిక్ బిళ్ళ:
బి. తిప్పక్క, స్టాఫ్ నర్సు.
వయసు ముప్పై తొమ్మిది. అది బిళ్ళమీద లేదు.

అనంతపురం పెద్దాసుపత్రి. నైట్ డ్యూటీ.
మగవాళ్ళ వార్డు, పద్నాలుగో మంచం.
రెండు రోజుల వాంతులు, విరేచనాలు.
ఎండిన వంకలాగా పడుకోనున్నాడు ముసలాయన.
కేసు షీటు: వన్నూరప్ప, డెబ్బై ఆరు.
ఊరి పేరు చదివినాక నా పెన్ను ఆగింది.

అరచేతిలో టెంకాయ పెట్టుకొని
మా చేనంతా నడిచిన మనిషి.
టెంకాయ లేచి నిలబడితే
"ఈడుంది జల" అన్న మనిషి.
నూట ఎనభై అడుగులు. మూడు వందలు. ఐదు వందల ఇరవై.
ఐదు చోట్ల చూపించినాడు,
ఐదింట్లోనూ తెల్లటి దుమ్మే లేచింది.
ఆ దుమ్మే నా తలలో మిగిలిపోయిందేమో,
చూసినోళ్ళు నరిసిందంటారు.
చేను అమ్మినాక మేము టౌనుకొచ్చినాం.
ఆయనకు నేను గుర్తులేను.
ఎన్ని చేన్లు, ఎన్ని టెంకాయలు.

ఎడమ చెయ్యి పట్టుకున్నాను.
బిగించి కట్టినాను. తట్టినాను.
ఒకసారి గుచ్చితే దొరకలా.
రెండోసారి నరం పగిలి
చర్మం కింద నీలంగా ఉబ్బింది.
నా కడుపులో ఏదో పాతది కదిలింది.
అది కోపమని చెప్పను,
కాదని కూడా చెప్పను.

గ్లోరీ సిస్టర్ ఇరవై నాలుగేండ్ల పిల్ల, నాకు సీనియర్.
వెనకనుంచి గొణిగింది:
"కండ్లతో ఎతకద్దక్కా. వేలితో ఎతుకు.
కనపడేదంతా నరం కాదు."

కండ్లు మూసుకున్నాను.
చిన్నప్పటినుంచి చెనక్కాయలొలిచి
బండబారిన వేలు
గ్లవ్సు లోపల మెల్లగా నడిచింది,
పల్లేర్లున్న బీట్లో నడిచినట్టు.
మోచేతికి కొంచెం కింద
మెత్తగా, అణిగి లేస్తా, తగిలిందొకటి.

"గుచ్చమ్మా" అన్నాడు ముసలాయన, రెప్ప తెరవకుండానే.
"నేను గూడా శానామంది నేల గుచ్చించినాను.
ఉండేది తగులుతాది. లేంది లేదు."

మూడోసారి.
సూది వెనక ఎర్రగా ఒక చుక్క మెరిసింది.
టేపు వేసినాను. చక్రం తిప్పినాను.
గొట్టంలో చినుకు తరవాత చినుకు.
నిమిషానికెన్నో లెక్కపెట్టాల.
మధ్యలో తప్పినాను, మళ్ళా మొదలుపెట్టినాను.

నాలుగింటికి దప్పి అన్నాడు.
చెంచాతో పెదాలు తడిపినాను.
"యా ఊరమ్మా నీది?"
చెప్పినాను. మా నాయన పేరు గూడా చెప్పినాను.
శానాసేపు పలకలేదు.
టెంకాయ పట్టే కుడిచెయ్యి
దుప్పటిమీద వెల్లకిలా తెరుచుకునింది,
మళ్ళా మూసుకునింది.

తెల్లారేముందు షీటులో రాసినాను:
నాలుగు యాభై. మూత్రం వచ్చింది.
రెండు వందల మిల్లీలీటర్లు.